జడుపూ చాదస్తమూ: కృష్ణా డెల్టాలో విపత్తు గాయం, ఓసీడీ, చికిత్స – ఒక చారిత్రక పరిశీలన

భయంవల్ల మనిషి జబ్బుపడతాడన్న సంగతి తెలుగు సమాజానికి కొత్తది కాదు. జడుపు, దడుపు, జడుపుజ్వరం అన్న మాటలే అందుకు సాక్ష్యం. నీళ్ళలో మునిగి తేలినవాడో, కళ్ళముందు చావు చూసి వచ్చినవాడో అన్నం ముట్టకపోతే, నిద్రలో ఉలిక్కిపడి లేస్తే ‘జడుసుకున్నాడు’ అంటారు. కారణం బయట ఉన్నదనీ, అందులో ఆ మనిషి తప్పేమీ లేదనీ ఆ మాటలోనే ఒప్పుకోలు ఉంది. కనుక ఉపచారమూ వెంటనే మొదలవుతుంది. దిష్టి తీస్తారు, విభూతి పెట్టిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, మసీదుకు తీసుకుపోయి మంత్రించిన నీళ్ళు తాగిస్తారు. ఆ ఉపచారాల ఫలితం మాట ఎలా ఉన్నా, జడుసుకున్న మనిషి చుట్టూ ఇంటిల్లిపాదీ చేరుతారన్నది మాత్రం నిజం.

చేతులు పదేపదే కడిగే మనిషికి, వేసిన గడియ నాలుగుసార్లు తీసి వేసే మనిషికి ఈ ఆదరణ లేదు. ఆమెకున్నది చాదస్తం. ఛందస్సు అంటే వేదం, వేదాధ్యయనపరుడు ఛాందసుడు. ఆ గౌరవవాచకం క్రమంగా లోకజ్ఞానం లేని నియమపరాయణత్వానికి, ఆపైన విసుగు పుట్టించే పట్టుదలకు పేరైంది. చాదస్తం స్వభావం, రోగం కాదు. స్వభావానికి మందు వెతికేవారు ఉండరు. పరిహసిస్తారు, భరిస్తారు, లేదా కసురుకుంటారు. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ చిత్రం ఓసీడీ అన్న మూడక్షరాలను తెలుగు ప్రేక్షకులందరికీ పరిచయం చేసింది, కానీ చాదస్తానికి కొత్త పేరుగానే పరిచయం చేసింది. అందులో అతిశుభ్రత హాస్యానికి ముడిసరుకు.

జడుపుకూ చాదస్తానికీ మధ్య భాషలో ఏర్పడిన ఈ దూరమే ఈ వ్యాసానికి విషయం. మొదటిది సంఘటనకు చెందినది, రెండవది మనిషికి చెందినది అన్న విభజన మన వాడుకలో బలంగా ఉంది. సంఘటన ఒకటి జరిగిన తరువాత మనిషిలో నియమాల పిచ్చి మొదలైతే దానికి వాడుకలో చోటు లేదు. చోటు లేకపోవడంవల్ల ఆ మనిషికి వైద్యమూ ఆలస్యమవుతుంది. కృష్ణా డెల్టా ఈ పరిశీలనకు అనువైన ప్రదేశం. ఒకటిన్నర శతాబ్దంలో రెండు మహా ఉప్పెనలను, వాటి మధ్యా తరువాతా అనేక వరదలను చూసిన నేల ఇది. అదే కాలంలో శౌచాచారాన్ని శిఖరానికి చేర్చిన అగ్రహారాలకూ, దాన్ని బహిరంగంగా ధిక్కరించిన హేతువాద ఉద్యమానికీ ఇదే నేల.

పారిభాషిక పదాల గురించి ఒక మాట. ‘ట్రామా’కు మానసిక ఆఘాతం, అభిఘాతం వంటి పదాలు వాడుతున్నాము. ఏదీ ఇంకా జనంలోకి వెళ్ళలేదు. ప్రభుత్వాసుపత్రి గోడమీద ‘ట్రామా కేర్’ అన్న బోర్డు కనిపిస్తే మనకు తోచేది విరిగిన ఎముకలే. ఈ వ్యాసంలో ‘గాయం’ అన్న మామూలు మాటనే వాడుతున్నాను. ఓసీడీకి మాత్రం ఆ పొడి అక్షరాలే మేలు. ఆ జబ్బులో రెండు భాగాలున్నాయి. వద్దన్నా వచ్చి మనసును పట్టే ఆలోచన లేదా దృశ్యం మొదటిది. అది పుట్టించే ఆందోళనను అణచడానికి చేయక తప్పదనిపించే పని రెండవది. ‘చాదస్తం’ రెండవ భాగాన్నే చూస్తుంది. మొదటి భాగం పైకి కనిపించదు, రోగి చెప్పుకోదు.

ఉప్పెనలు

1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంమీద విరుచుకుపడిన తుఫాను సముద్రాన్ని మైళ్ళకొద్దీ లోపలికి తెచ్చింది. మృతుల సంఖ్యను సుమారు 30,000గా చెబుతారు. 1883లో గోర్డన్ మెకంజీ వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ విపత్తు వివరాలున్నాయి. రేవుపట్టణంగా బందరు అంతకుముందే క్షీణిస్తున్నది, ఈ దెబ్బతో మరి కోలుకోలేదు. పాలనాపత్రాలు లెక్కపెట్టినది శవాలను, కూలిన ఇళ్ళను, ఉప్పుబారిన పొలాలను. బతికినవారి మనసులు ఆనాటి లెక్కలలో లేవు, ఉండే వీలూ లేదు. ఆనాటి మద్రాసు రాజధానిలో మనోవైద్యమంటే పిచ్చాసుపత్రి. ఇల్లు వదిలి తిరిగేవారు, ఇతరులకు ప్రమాదం తెచ్చేవారు అక్కడికి చేరేవారు. ఇంట్లో కూర్చుని చేతులు కడిగే వితంతువుకు ఆ గోడలతో పని లేదు.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పులిగడ్డ వద్ద రెండుగా చీలిన కృష్ణానదికీ సముద్రానికీ మధ్యనున్న ఆ లంకభూమిలో నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల తీరగ్రామాలను అయిదారు మీటర్ల ఎత్తున లేచిన కెరటం ముంచేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు దాదాపు 10,000 మంది. అనధికార అంచనాలు ఇంకా ఎక్కువ. పశువులు లక్షల సంఖ్యలో పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి అన్న పేర్లు ఆ వారం తెలుగు పత్రికలు చదివినవారికి మరపురానివి. అవనిగడ్డ ప్రతినిధిగా మండలి వెంకటకృష్ణారావు సహాయ, పునరావాస కార్యక్రమాలకు అంకితమైన తీరునూ, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలెపట్టి విరాళాలు సేకరించిన సంగతినీ నేటికీ చెప్పుకుంటారు.

ఈ విపత్తును గురించి వెంటనే వచ్చిన అధ్యయనం ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. స్టీఫెన్ పి. కోహెన్, సి.వి. రాఘవులు కలిసి 1979లో ప్రచురించిన పుస్తకం 1977 ఆంధ్ర తుఫానును సామూహిక మరణంగా తీసుకుని, దానికి వ్యక్తులూ సంస్థలూ ఎలా స్పందించారన్న ప్రశ్న వేసింది. ప్రశ్నను ఆ రూపంలో వేయడమే విశేషం. తరువాత 1992లో పీటర్ వించెస్టర్ ఇదే డెల్టామీద రాసిన పుస్తకం మరో దిక్కున వెళ్ళింది. తుఫాను అందరినీ ఒకేలా తాకదని, భూమి, ఆస్తి, పలుకుబడి ఉన్నవారు తేరుకున్నంతగా లేనివారు తేరుకోరని అది చూపింది. మనసు గాయాన్ని గురించి మాట్లాడేవారు ఈ రెండవ పుస్తకాన్ని మరిచిపోతే ప్రమాదం. గుడిసెకు మట్టిగోడలే దిక్కైనవాడు ఉరుముకు ఉలిక్కిపడితే అది రోగలక్షణమా, లోకజ్ఞానమా అన్న ప్రశ్నను అతని ఇల్లు చూడకుండా తేల్చలేము.

1977లో సహాయమంటే బియ్యం, బట్ట, గుడిసె, ఆపైన తుఫాను షెల్టరు. దీన్ని లోపంగా ఎత్తిచూపడం చరిత్ర దృష్టికి సరికాదు. ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అన్న పేరు అమెరికన్ వర్గీకరణ గ్రంథంలో చేరినదే 1980లో, వియత్నాం యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుల ఒత్తిడి పుణ్యమా అని. దివిసీమ బాధితులు ఆ పేరుకంటే మూడేళ్ళు పెద్దవారు. మనదేశంలో విపత్తు బాధితుల మానసిక ఆరోగ్యం వైద్యవ్యవస్థ దృష్టికి గట్టిగా వచ్చింది 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు అక్కడి సాధారణ వైద్యులకు మానసిక సమస్యలను గుర్తించడంలో తర్ఫీదునిచ్చారు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తరువాత పిల్లలమీద పరిశోధనలు జరిగాయి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ మానసిక–సామాజిక సహాయానికి మార్గదర్శకాలు వెలువరించింది 2009లో. దివిసీమలో పదేళ్ళ వయసులో తాటిచెట్టు పట్టుకుని బతికిన పిల్లవాడికి అప్పటికి నలభై రెండేళ్ళు.

మైలకు గడువు

గాయానికీ శౌచానికీ మధ్య సంబంధాన్ని వెతికేటప్పుడు మన సంస్కృతిలో మొదట ఎదురయ్యే పదం మైల. మురికి, మాసిన బట్ట, చావువల్ల కలిగే అశౌచం అన్న అర్థాలన్నీ ఆ ఒక్క పదంలోనే ఉన్నాయి. చావు శరీరానికి అంటుతుందన్న భావన తెలుగు వాడుకలో అంత సహజం. శవాన్ని మోసినవాడు స్నానం చేయకుండా గడప దాటడు. అయితే ఇక్కడ గమనించవలసినది మైలకు గడువుంది. పదిరోజులనో, పదకొండనో, పదహారనో కులాన్నిబట్టి, సంప్రదాయాన్నిబట్టి ఆ గడువు మారుతుంది. కానీ గడువు లేని మైల లేదు. చివరినాడు ఒకరు, చాలాసార్లు పురోహితుడో కులపెద్దో, ‘ఇక శుద్ధి అయింది’ అని చెబుతారు. ఆ మాట బయటినుంచి వస్తుంది. కర్త దాన్ని తన మనసులో తేల్చుకోనక్కరలేదు.

ఓసీడీ ఉన్న మనిషికి లేనిది సరిగ్గా ఇదే. చేతులు శుభ్రమయ్యాయని కళ్ళు చెబుతాయి, సబ్బు చెబుతుంది, ఇంట్లోవాళ్ళు చెబుతారు. ‘అయింది’ అన్న నిశ్చయం మాత్రం లోపల కలగదు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యులు ఈ జబ్బును సందేహపు పిచ్చి అని పిలిచారు. మన ‘అనుమానం’ ఇక్కడ ఆసక్తికరమైన పదం. న్యాయశాస్త్రంలో అనుమానం ప్రమాణం, అంటే నిశ్చయజ్ఞానానికి సాధనం. తెలుగు వాడుకలో అది తలక్రిందులై నిశ్చయం లేకపోవడానికి పేరైంది. అనుమానం పెనుభూతమన్న సామెత పుట్టించినవారికి ఆ భూతం పరిచయమే అయి ఉండాలి.

కనుక మడి–మైలల వ్యవస్థే ఓసీడీకి కారణమని తేల్చడం తొందరపాటు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫ్రాయిడ్ 1907లోనే మతకర్మకూ అబ్సెసివ్ చర్యలకూ ఉన్న పోలికమీద వ్యాసం రాశాడు. 1975లో బెంగాలీ సమాజంలో ‘శుచిబాయి’ అన్న స్థితిని పరిశీలించిన కలకత్తా పరిశోధకులూ ఇదే సరిహద్దు దగ్గర తచ్చాడారు. నా అభిప్రాయంలో కర్మకాండకూ జబ్బుకూ తేడా గడువులో ఉంది. కర్మ ముగుస్తుంది, జబ్బు ముగియదు. కర్మను నలుగురూ కలిసి చేస్తారు, జబ్బును దాచుకుని ఒంటరిగా చేస్తారు. ఆచారంలో పెరిగిన మనిషికి జబ్బు వస్తే అది ఆచారపు బట్ట కట్టుకుంటుంది. అందుకే ఇంట్లోవారు దాన్ని ఏళ్ళతరబడి భక్తి అనుకుంటారు. (డెల్టాలో మడి అంటే ముందు వరిమడి గుర్తుకు రావాలి. కానీ గడప లోపల మడి మరొకటి.)

సామూహిక మరణం ఈ గడువు వ్యవస్థను దెబ్బతీస్తుంది. దేహం దొరకనప్పుడు దర్భలతో, మోదుగాకులతో ప్రతిమ చేసి దహించే విధి సంప్రదాయంలో ఉంది. అకాలమరణానికి నారాయణబలి ఉంది. అంటే ఒక మనిషి తప్పిపోవడాన్ని శాస్త్రం ఊహించగలిగింది. ఊరికి ఊరు పోయి, కర్త కావలసినవాడూ, పిండాన్ని అందుకోవలసిన వరసలూ, గడువు ముగిసిందని చెప్పవలసిన పెద్దా ఒకే రాత్రి పోతే ఏమిటన్నది వేరే ప్రశ్న. పైగా దివిసీమలో ఎక్కువగా దెబ్బతిన్నవారు మత్స్యకారులు, యానాదులు, దళిత వ్యవసాయ కూలీలు. వారిలో క్రైస్తవులూ గణనీయంగా ఉన్నారు. ధర్మశాస్త్రపు అశౌచవిధి వారందరి సంస్కృతి కాదు. వారి విషయంలో గుంతలో పూడ్చేముందు ప్రార్థన చెప్పడానికి సమయం దొరికిందా అన్నదే పెద్ద ప్రశ్న. కుళ్ళిన దేహాలను గుట్టలుగా చేర్చి దహించవలసి వచ్చినప్పుడు మతభేదాలు చూసే వ్యవధి లేదు. ఏ సంప్రదాయంవారికైనా ‘అయింది’ అన్న మాట వినపడలేదు.

దీనినుంచి దివిసీమ బాధితులకు ఓసీడీ వచ్చిందని సూత్రీకరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విపత్తులో చిక్కినవారిలో ఎక్కువమంది ఏ పేరున్న మానసిక జబ్బుకూ లోనుకారు. ఓసీడీ ఉన్నవారిలో చాలామందికి చెప్పుకోదగిన గాయమేదీ ఉండదు. వంశపారంపర్యమూ, మెదడు పనితీరూ అందులో పెద్ద పాత్ర వహిస్తాయి. నేను ప్రతిపాదిస్తున్నది పరిమితమైన మాట. చావు వాసనను, బురద స్పర్శను అంటించుకుని వచ్చిన మనిషిలో కడుగుడు మొదలైతే, ఆ కడుగుడుకు సంఘటనతో సంబంధం ఉండే అవకాశాన్ని మన భాష ముందే కొట్టివేస్తున్నది.

అక్కడా అంతే

ఈ విభజనకు మన అజ్ఞానమే కారణమనుకుంటే పొరపాటు. పాశ్చాత్య మనోవైద్య చరిత్రలోనూ రెండు గదులే కనిపిస్తాయి. జర్మన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ అబ్సెసివ్ ఆలోచనలను ప్రత్యేకమైన రోగస్థితిగా వర్ణించింది 1877లో, సరిగ్గా దివిసీమ ఉప్పెనకు నూరేళ్ళ ముందు. పియేర్ జానే అయితే రెండు గదుల తాళాలూ చేతిలో ఉన్నవాడు. గాయపు జ్ఞాపకాలు మనసునుంచి విడివడి స్వతంత్రంగా పనిచేస్తాయని 1889లో రాసినవాడూ అతడే, అబ్సెషన్లమీద 1903లో బృహద్గ్రంథం రాసినవాడూ అతడే. అయినా మొదటిదాన్ని హిస్టీరియాకు, రెండవదాన్ని ‘సైకస్తీనియా’ అన్న మానసిక శక్తిలోపానికి కేటాయించాడు. ఫ్రాయిడ్ 1896లో అబ్సెషన్లకు మూలం బాల్యపు లైంగికానుభవంలో ఉందని వాదించి, మరుసటి ఏడాదికే ఆ సిద్ధాంతంపై నమ్మకం వదులుకున్నాడు. ఆ తరువాత గాయం వెనక్కు పోయి అంతర్గత సంఘర్షణ ముందుకు వచ్చింది.

ప్రవర్తనావాద చికిత్సకులు కారణాల వెతుకులాటనే పక్కన పెట్టారు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులకు చేసిన చికిత్స ఈ చరిత్రలో మలుపు. రోగి భయపడే వస్తువును తాకించి, కడుక్కోవడానికి వీలులేకుండా నర్సుల సాయంతో ఆపించాడు. ఆందోళన పెరిగి, కొంతసేపటికి దానంతట అదే తగ్గింది. ‘ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్’ అన్న పద్ధతికి అది పునాది. నేటికీ ఓసీడీకి మొదటి వరస మానసిక చికిత్స అదే. ఏమి జరిగి మొదలైందన్న ప్రశ్న లేకుండానే మనుషులు బాగుపడటం చూసిన తరువాత ఆ ప్రశ్నకు విలువ తగ్గడం సహజం.

1999లో పద్మల్ డి సిల్వా, మెలనీ మార్క్స్ కలిసి రాసిన వ్యాసం ఆ ప్రశ్నను మళ్ళీ తెరిచింది. డి సిల్వా శ్రీలంకలో పుట్టి లండన్‌లో పనిచేసిన మనోవైజ్ఞానికుడు, బౌద్ధాన్నీ ప్రవర్తనాచికిత్సనూ పోల్చి రాసినవాడు. గాయం తరువాత ఓసీడీ మొదలైన రోగులను పరిశీలించి, కొందరిలో లక్షణాల విషయానికీ గాయానికీ నేరుగా సంబంధం కనిపిస్తుందనీ, కొందరిలో కనిపించదనీ వారు చూపారు. స్టాన్లీ రాచ్‌మన్ ‘మానసిక కాలుష్యం’ అన్న భావనను ముందుకు తెచ్చాడు. మురికి తాకకుండానే, అవమానం, ద్రోహం, హింస తలపుకు వస్తేనే లోపల మలినమైనట్టు అనిపించి కడుక్కోవాలనిపించడం దాని లక్షణం. సబ్బు అక్కడికి చేరదు. మైల అన్న పదం తెలిసిన పాఠకుడికి ఈ భావన కొత్తగా తోచకపోవచ్చు. 2013లో వెలువడిన డీఎస్ఎం–5 ఓసీడీకి ఒక అధ్యాయమూ, గాయసంబంధ రుగ్మతలకు దాని వెంటనే మరొక అధ్యాయమూ ఇచ్చింది. పక్కపక్క గదులు, మధ్యలో గోడ.

తెలుగు నవల ఈ గోడను అంతగా పట్టించుకోలేదు. 1940లలో వచ్చిన రెండు నవలలను ఈ కోణంలో తిరిగి చదవవచ్చు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని జీవితమంతా వెంటాడేది తల్లిమీద లోకం వేసిన మచ్చ. అతను ఏ తప్పూ చేయలేదు, ఎవరినీ తాకలేదు. అయినా ప్రతి సంబంధంలోనూ ఆ మచ్చ అతనికంటే ముందే వచ్చి కూర్చుంటుంది. కృష్ణా జిల్లాకు చెందిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుది ఆలోచనల సుడిగుండం, తేలని తర్కం. వీరికి ఓసీడీ ఉన్నదని రోగనిర్ణయం చేయడం సాహిత్యవిమర్శ కాదు, వైద్యమూ కాదు. కానీ అంటిన మచ్చ, ఆగని ఆలోచన, కదలని సంకల్పం ఒకే మనసులో ఉండగలవన్న సంగతిని ఆ నవలాకారులు వైద్యగ్రంథాలకంటే ముందే వర్ణించారు. మనోవైజ్ఞానిక నవలగా వీటిమీద జరిగిన విమర్శ ఎక్కువగా ఫ్రాయిడ్ చుట్టూ తిరిగింది. మైల అన్న దేశిపదం ఆ విమర్శలో పనిముట్టు కాకపోవడం ఆశ్చర్యమే.

తెలిసీ ఆగకపోవడం

విజయవాడకు వస్తే, ఇక్కడ మడి–అంటులమీద జరిగిన దాడికి పెద్ద చరిత్రే ఉంది. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఆ ఉద్యమపు ఆయుధాలు. అస్పృశ్యత అన్న సామాజిక వ్యాధికి అది సరైన వైద్యమే. ఆ కేంద్రానికే చెందిన డాక్టర్ సమరం వంటివారు శరీరం, మనసుల సమస్యలను పత్రికలలో సులభమైన తెలుగులో చర్చించి, ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గుపడే పాఠకులకు తోవ చూపారు.

అయితే హేతువాదం ఓసీడీ దగ్గర ఒక చిక్కులో పడుతుంది. మూఢనమ్మకాన్ని పోగొడితే ఆచారం పోతుందన్నది దాని విశ్వాసం. ఓసీడీ ఉన్నవారిలో చాలామందికి తమ భయం అర్థరహితమని తెలుసు. గ్యాసు కట్టేశానని తెలుసు, చేతులు శుభ్రమని తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే జబ్బు. దేవుణ్ణి నమ్మనివాడూ గంటసేపు చేతులు కడగగలడు. కనుక ‘నీకు బుద్ధి లేదా’ అన్న మందలింపు పూజారి నోట వచ్చినా, హేతువాది నోట వచ్చినా రోగికి ఒకటే. ఊరడింపూ అంతే. ‘ఏం కాదులే’ అని ఇంట్లోవారు రోజుకు ఇరవైసార్లు చెప్పే మాట ఆ క్షణానికి ఉపశమనమిచ్చి, మరుక్షణం మళ్ళీ అడిగిస్తుంది. భర్త గేటు దగ్గరే బట్టలు మార్చుకోవడం, కోడలు అత్తగారికోసం గిన్నెలు మూడోసారి తోమడం ప్రేమతో చేసేవే. జబ్బుకు మేత కూడా అవే. చికిత్సలో కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడవలసిన అవసరం మన ఇళ్ళలో ఎక్కువ.

మందుల విషయం సంక్షిప్తంగా. ఫ్లూయాక్సెటిన్, ఫ్లూవాక్సమిన్, సెర్ట్రలిన్ వంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు ఓసీడీకీ గాయానంతర రుగ్మతకూ రెండింటికీ వాడేవే. ఓసీడీలో సాధారణంగా కుంగుబాటుకు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదు కావాలి. గుణం తెలియడానికి ఎనిమిదినుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. రెండు వారాలు వాడి ‘పనిచేయలేదు’ అని మానేయడం మనవద్ద సర్వసాధారణం. క్లోమిప్రమిన్ పాత మందు, నేటికీ ఉపయోగంలో ఉంది.

అసలు చిక్కు రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు వస్తుంది. గెర్షునీ, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, మొండి ఓసీడీతో చికిత్సకు వచ్చినవారిలో గాయానంతర రుగ్మత కూడా ఉన్నవారికి ప్రవర్తనాచికిత్సవల్ల మేలు తక్కువగా కనిపించింది. మరుసటి సంవత్సరం వారే వివరించిన కొన్ని కేసులలో ఒక తరహా లక్షణాలు తగ్గినప్పుడు రెండో తరహావి పెరిగాయి. దీని అర్థాన్ని డెల్టా భాషలో ఇలా ఊహించుకోవచ్చు. కడుగుడు ఒక కరకట్ట. దాని వెనుక జ్ఞాపకం నిలిచి ఉంది. కట్ట తెంచేముందు నీరు ఎటు పోతుందో చూడకపోతే పల్లం మునుగుతుంది. అలాగని కట్టను ముట్టుకోకూడదనీ కాదు. గాయపు జ్ఞాపకాన్ని క్రమంగా, సురక్షితంగా ఎదుర్కొనే పద్ధతులు ఉన్నాయి. ఎడ్నా ఫోవా ఓసీడీ చికిత్సలోనూ, గాయానికి ‘ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్’ రూపకల్పనలోనూ ముఖ్యురాలు కావడం కాకతాళీయం కాదు. తప్పించుకునే దారిని మూసి, భయాన్ని భరించదగినదిగా చేయడమన్న సూత్రం రెండింటికీ ఉమ్మడిది. ఏది ముందు, ఏది వెనుక, లేక రెండూ కలిపా అన్నది ఆ రోగిని చూసి వైద్యుడు తేల్చవలసినది. తేల్చాలంటే ముందుగా అడగాలి. చేతులు ఎన్నిసార్లు కడుగుతారన్న ప్రశ్నతోపాటు, ఎప్పటినుంచి, ఆ ముందు ఏమి జరిగింది అన్న ప్రశ్నలు కావాలి.

2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజులతరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. నీరు తీసిన తరువాత ఇళ్ళలో మిగిలినది మురుగు కలిసిన బురద. ఫైరింజన్లు పెట్టి వీధులు కడిగారు. ఆ వారాల్లో గోడలను, గిన్నెలను పదిసార్లు కడిగినవారు రోగులు కారు. చేయవలసిన పనే చేశారు. ఆ కడుగుడు ఏ ఇంట్లో ఆరునెలలకూ ఆగలేదో, వానచినుకు పడితే ఏ ఇల్లాలు మళ్ళీ గదులన్నీ కడగడం మొదలుపెడుతున్నదో ఆ ఇల్లు చూసినవారికే తెలుస్తుంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ ఎత్తినవారికి ఆ ఇంటివారు చెప్పగల మొదటి మాట బహుశా ‘మా అమ్మకు చాదస్తం ఎక్కువైందండీ’ అనే ఉంటుంది. ‘వరదకు ముందునుంచా, తరువాతనా?’ అని అవతలి గొంతు అడగాలి.